చిన్నక్షరంతో రాత్రి నిద్ర పోగొట్టుకునే మార్గాలు

మెయిన్‌ఫ్రేమ్‌లో అన్నీ పెద్ద ఏబీసీడీలే. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి, మిగతా అనర్థాలు పిలవకుండానే వచ్చి ఒళ్ళో కూర్చుంటాయి. అమీర్‌పేటలో కోర్సులో చేరిన తొలి వారమే కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కించి, "ఇక దీని జోలికి వెళ్ళకండి" అనే సార్లు ఉంటారు. వారికో దండం. వాళ్ళు మొదలుపెట్టిన పనిని ఒక కొలిక్కి తేవడానికే ఈ సలహాలు.

పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుని, రాత్రంతా ఎక్కడో అమెరికా బ్యాంకు బ్యాచ్ జాబులకు కాపలా కాసే వాళ్ళకు ఇవి ప్రత్యేకించి పనికొస్తాయి. శ్రద్ధగా పాటిస్తే పొద్దున్నే క్యాబ్ ఎక్కి ఇంటికి పోయే అవస్థ తప్పుతుంది. మధ్యాహ్నం దాకా బ్రిడ్జ్ కాల్‌లోనే ఉండిపోవచ్చు.

మీతో ఎవరైనా వాదనకు దిగితే ముందు చరిత్ర తీయండి. అది నిజంగానే మీ పక్షాన ఉంది. 1964లో వచ్చిన ఐబీఎం 029 కార్డు పంచింగ్ యంత్రం మీద చిన్న అక్షరాలే లేవు. 1403 ప్రింటరులో గిర్రున తిరిగే గొలుసు మీద 240 అచ్చులుండేవి. 48 అక్షరాల సెట్టు అయితే ఆ గొలుసులో 5 సార్లు పడుతుంది. చిన్న అక్షరాలు కూడా కావాలని 120 అక్షరాల సెట్టు పెట్టుకుంటే అది 2 సార్లే పడుతుంది. అంటే కావలసిన అచ్చు కాగితం ఎదురుకు వచ్చేదాకా సుత్తి ఎక్కువసేపు కాచుకోవాలి, ప్రింటింగ్ మందగించాలి. చిన్న అక్షరం అప్పట్లో అక్షరాలా ఖర్చు. ఇంతవరకు చెప్పి, "కాబట్టి ఇప్పటికీ అంతే" అని తేల్చేయండి. అదే 1964లో ప్రకటించిన సిస్టమ్/360 ఎబ్సిడిక్ కోడులో చిన్న అక్షరాలకు మొదటి నుంచీ చోటుందన్న సంగతి మాత్రం పొక్కనివ్వకండి. యంత్రం కడుపులో వాటికి ఎప్పుడూ అభ్యంతరం లేదు. కుదరనిదల్లా కార్డుకూ గొలుసుకూ.

తెర మీద కనిపించిందే నిజం

1971లో వచ్చిన 3270 టెర్మినళ్ళు మీరు కొట్టిన ఒక్కో అక్షరాన్ని అప్పటికప్పుడు హోస్టుకు పంపవు. పరీక్ష హాల్లో జవాబు పత్రం ఎలాగో ఇదీ అలాగే. 24 వరుసలు, వరుసకు 80 గళ్ళు, మొత్తం 1920 అక్షరాల పత్రం మీ దగ్గరే ఉంటుంది. ఎంత రాసినా, ఎంత కొట్టేసినా అవతలివాళ్ళకు తెలియదు. ఎంటరో, ఏదో ఒక పీఎఫ్ కీయో నొక్కినప్పుడు మీరు మార్చిన ఫీల్డులన్నీ ఒక్కసారే వెళ్తాయి. మీరు చిన్న అక్షరం కొడితే చిన్నదే వెళ్తుంది. దాన్ని పెద్దది చేసేది హోస్టు.

హోస్టంటే ఒక్కడనుకుంటే ఇంకా మంచిది. నిజానికి అక్కడ ఓ గుంపు ఉంది: టీఎస్‌ఓ, ఐఎస్‌పీఎఫ్ ప్యానెళ్ళు, ఎడిటరు, సీఐసీఎస్, రెక్స్ ఎగ్జెక్‌లు. వీళ్ళలో ఎవరి చేతికి ముందు దొరికితే వాళ్ళు పెద్దక్షరాలు చేస్తారు. కొందరు ముట్టుకోకుండా పక్కవాళ్ళకు అందిస్తారు. ఒకే కమాండు ఒక తెర మీద పనిచేసి, ఇంకో తెర మీద పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే. అందుకని గొడవ వచ్చిన రాత్రి "ఇది ఏ మెట్టు దగ్గర మారింది?" అని ఎవ్వరినీ అడగకండి. అడిగితే చాయ్ చల్లారేలోపే తేలిపోతుంది. "సిస్టమ్ మార్చేసింది" అనండి, అందరూ తలలూపుతారు.

3278 మోడల్ తెరకు ఒక ముచ్చటైన స్విచ్ ఉండేది. ఒకవైపు తిప్పితే పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా కనిపిస్తాయి. రెండోవైపు తిప్పితే అన్నీ పెద్దవిగానే కనిపిస్తాయి. కనిపించడం వరకే. బఫర్‌లో చిన్నది చిన్నదిగానే ఉంటుంది, ఎంటర్ కొడితే ఆ చిన్నదే వెళ్తుంది. ఆ బరువైన పెట్టెలు ఇప్పుడు లేవే అని బెంగపడకండి, ఎక్స్3270 ఎమ్యులేటర్‌లో మోనోకేస్ అనే పేరుతో అదే సౌకర్యం ఉంచారు. ఉద్యోగంలో చేరిన రోజే ఆన్ చేసి మరిచిపోండి. ఆ తర్వాత, "నా తెర మీద అంతా క్యాప్స్‌లోనే ఉంది సార్, స్క్రీన్‌షాట్ జతచేశాను" అని మెయిల్ పెట్టే భాగ్యం మీది.

స్క్రీన్‌షాట్ చాలదని ఎవరైనా మొండికేస్తే ప్రింటు తీసివ్వండి. పాత లైన్ ప్రింటర్లకు జేసీఎల్‌లో యూసీఎస్ అని ఒక పరామీటరుంది. దానికి ఫోల్డ్ అన్న మాట తగిలిస్తే చిన్నక్షరాల డేటా కూడా కాగితం మీద పెద్దక్షరాల్లోనే అచ్చవుతుంది. సాక్షులు ఇద్దరయ్యారు, ఇద్దరూ అబద్ధమే చెప్తున్నారు, కేసు బలంగా ఉంది.

ఎడిటర్‌లో హెక్స్ ఆన్ అని కొడితే ప్రతి వరుస కిందా అసలు కోడు నిలువుగా బయటపడుతుంది. పెద్ద ఏ అయితే దాని కింద సీ, ఆ కింద 1. చిన్న ఏ అయితే 8, ఆ కింద 1. ఇక దాచడానికి ఏమీ ఉండదు. ఆ కమాండు ఉందని మీకు తెలుసన్న విషయం ఎవరికీ తెలియనివ్వకండి.

బ్లాంకుతో కలిపి రుబ్బడం

పైన చెప్పిన ఆ సీ1కీ 81కీ మధ్య తేడా హెక్స్‌లో 40. అక్షరం ఏదైనా పెద్దదానికీ చిన్నదానికీ ఇదే తేడా, ఒకే ఒక్క బిట్టు. ఇంకా తమాషా, ఎబ్సిడిక్‌లో బ్లాంకు కోడు కూడా హెక్స్ 40. కాబట్టి చిన్నక్షరాన్ని బ్లాంకుతో ఓఆర్ చేస్తే చాలు, పెద్దక్షరమైపోతుంది. అసెంబ్లర్‌లో ఓసీ అనే ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఒక్క దెబ్బకు 256 బైట్ల దాకా ఈ పని చేసిపెడుతుంది. అసెంబ్లర్ తెలిసినవాళ్ళు దీన్ని చూసి మురిసిపోతారు. నిజంగా మురిసిపోవలసిన సంగతే, నాకూ ఇష్టమే.

ఇంత బాగున్నదాన్ని ఒక్క పేరు ఫీల్డుకే పరిమితం చేస్తారా? రికార్డు మొత్తానికీ పట్టించండి. పేరు, ఊరు, ఖాతా నిల్వ, అన్నిటికీ. నిల్వ ప్యాక్డ్ డెసిమల్‌లో ఉంటుంది కదా, ఏమవుతుందని ఎవరైనా భయపెడితే ఈ లెక్క చూపించండి. 12345 అనే సంఖ్య ప్యాక్డ్‌లో మూడు బైట్లు: 12, 34, 5సీ. ఒక్కోదాన్నీ హెక్స్ 40తో ఓఆర్ చేస్తే 12 కాస్తా 52 అవుతుంది, 34 కాస్తా 74 అవుతుంది, 5సీ అలాగే ఉంటుంది. వచ్చిన సంఖ్య 52745. అంకెలన్నీ అంకెలే, గుర్తు గుర్తే. ఎస్0సీ7 అబెండ్ రాదు, జాబ్ సున్నా రిటర్న్ కోడుతో ముగుస్తుంది, మీరు హాయిగా టిఫిన్‌కు వెళ్తారు. ఖాతాదారుకు నలభై వేల చిల్లర పుణ్యానికి దక్కింది. దాన్ని పట్టుకోవలసినవాళ్ళు ఆడిటర్లు, వాళ్ళ పని మనమెందుకు చేయాలి?

సీ భాషలో రాసిన ప్రోగ్రాములకు కూడా ఇదే వైద్యం చేయవచ్చు. 1047 కోడ్ పేజీలో ఎడమవైపు చదరపు బ్రాకెట్టు కోడు ఏడీ. బ్లాంకుతో కలిపి రుబ్బితే అది ఈడీ అవుతుంది. వ్యవహారం ఈడీ దాకా పోయాక ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా.

ఎడిటరు హెచ్చరించేలోపు రీసెట్ కొట్టండి

ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌కు క్యాప్స్ ఆన్, క్యాప్స్ ఆఫ్ అని రెండు స్థితులు. ఆన్‌లో ఉంటే మీరు టైపు చేసిన వరుసలే పెద్దక్షరాలవుతాయి, ముట్టుకోనివి ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. చాలామందికి ఈ తేడా తెలియదు. ఫైలంతా మారిపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. ఒక్క వరుస మారితే ఎవరు గమనిస్తారు? అందుకని ఎవరో ఓపిగ్గా రాసిపెట్టిన షెల్ స్క్రిప్టునో, జావా సెట్టింగుల ఫైలునో తెరవండి. కమాండ్ లైనులో క్యాప్స్ ఆన్ అని కొట్టండి. ఏ డైరెక్టరీ పేరున్న వరుసలోనో ఒక్క అంకె మార్చండి. ఎంటర్. ఆ వరుస మొత్తం పెద్దక్షరాలైపోయింది. మీకు మోనోకేస్ ఆన్‌లో ఉంది కాబట్టి తేడా కూడా కనపడదు. సేవ్ చేసి, "ఒక్క అంకె తప్ప ఇంకేమీ మార్చలేదు" అని ఛేంజ్ టికెట్‌లో నిజాయితీగా రాయండి.

క్యాప్స్ సంగతి మీకు గుర్తుండకపోయినా ప్రొఫైల్‌కు గుర్తుంటుంది. డేటాసెట్ పేరులో చివరి ముక్కను బట్టి ఎడిటరు ఒక్కో రకానికి ఒక్కో ప్రొఫైలు దాచుకుంటుంది. సీఎన్‌టీఎల్‌కు ఒకటి, కోబాల్‌కు ఇంకొకటి. అన్ని రకాల సరుకునూ, జేసీఎల్, ఎస్‌క్యూఎల్, యునిక్స్ పాత్‌లూ కలగలిపి, ఒకే చివరి ముక్క ఉన్న డేటాసెట్‌లలో పెడితే ఒకదాని అలవాటు ఇంకొకదానికి అంటుకుంటుంది. పేర్ల పద్ధతి మీద మీటింగు పెట్టినప్పుడు ఈ కోరిక వినయంగా వినిపించండి.

ఒక్క చిక్కుంది, ఎడిటరు మరీ అమాయకమైనది కాదు. క్యాప్స్ ఆన్‌లో ఉండగా చిన్నక్షరాలున్న మెంబర్‌ను తెరిస్తే, డేటాలో చిన్నక్షరాలున్నాయి కాబట్టి ప్రొఫైల్‌ను క్యాప్స్ ఆఫ్‌కు మార్చానని పైనే ఒక హెచ్చరిక వరుస పెడుతుంది. పాపం, పని మానుకుని మరీ చెప్తుంది. రీసెట్ అని కొడితే ఆ వరుస మాయమవుతుంది. చదివితే పని చెడుతుంది, కనుక ముందు కొట్టండి. వెంటనే మళ్ళీ క్యాప్స్ ఆన్.

వెతకడంలోనూ మీకు కలిసొచ్చే ఏర్పాటు ఉంది. మామూలుగా ఫైండ్‌కు చిన్నా పెద్దా తేడా లేదు; ఏ రకంగా కొట్టినా రెండూ దొరుకుతాయి. దొరికింది కాబట్టి మీరు వెతికిన తీరులోనే అది ఫైల్లో ఉందని నిర్ధారించుకోండి. ఉన్నది ఉన్నట్టే దొరకాలంటే కొటేషన్ ముందు సీ అక్షరం పెట్టాలి. పీ అక్షరం పెట్టి కొటేషన్లలో 'కంటే తక్కువ' గుర్తు వేస్తే ఫైల్లోని చిన్నక్షరాలన్నీ ఒక్కొక్కటిగా పట్టుబడతాయి. ఇవన్నీ కోర్సు ఆఖరి వారంలో చెప్పే విషయాలు, ఆ వారానికి మీకు ఆఫర్ లెటర్ వచ్చేసి ఉంటుంది.

కొటేషన్ల అర్థం అన్నిచోట్లా ఒకటే

ఈ సూత్రం మీద నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. ఒంటి కొటేషన్ గుర్తంటే ఏమిటో ఒకచోట నేర్చుకుని, మిగతా చోట్లన్నీ కళ్ళు మూసుకుని వాడేయడంలోనే అసలు విద్య ఉంది.

జేసీఎల్‌తో మొదలుపెట్టండి. అక్కడ కొటేషన్ల మధ్య రాసింది రాసినట్టే ఉంటుంది, యునిక్స్ ఫైలు పాత్‌ను చిన్నక్షరాల్లో ఇవ్వడానికి అదే దారి. కొటేషన్ల బయట చిన్నక్షరాలకు ప్రవేశం లేదు. ఎగ్జెక్ అనే మాటను చిన్నక్షరాల్లో రాసి సబ్మిట్ చేస్తే ఐఈఎఫ్‌సీ605ఐ మెసేజీతో, ఇది ఏ ఆపరేషనో గుర్తుపట్టలేకపోయానని తిప్పికొడుతుంది. సబ్మిట్ చేసేవాళ్ళెవరూ మీ జేసీఎల్‌ను సరిదిద్దిపెట్టరు. నిన్నటిదాకా కమాండ్ లైనులో చిన్నక్షరాలు కొట్టినా నడిచింది కదా, ఇదెందుకు నడవదని వాదించండి.

సరే, "కొటేషన్ పెడితే చిన్నది చిన్నగానే ఉంటుంది" అని ఇక్కడ నేర్చుకున్నారు. ఇప్పుడు టీఎస్‌ఓకు రండి. అక్కడ డేటాసెట్ పేరుకు కొటేషన్లు పెడితే, "ముందు నా యూజర్ ఐడీ తగిలించకు, ఇదే పూర్తి పేరు" అని అర్థం. చిన్నా పెద్దా గొడవతో దానికి సంబంధమే లేదు, పేరు ఎలాగూ పెద్దక్షరాలవుతుంది. ఐఎస్‌పీఎఫ్ ఫైండ్‌లో కొటేషన్లు మధ్యలో ఖాళీలున్న మాటను ఒకటిగా పట్టుకోవడానికి. అక్కడా చిన్నా పెద్దా పట్టింపు ఉండదు. ఎంవీఎస్ కన్సోల్ కమాండుల్లో మళ్ళీ కథ జేసీఎల్ వైపు తిరుగుతుంది, కొటేషన్లలో ఉన్నదాన్ని సిస్టమ్ ముట్టుకోదు, మిగతాదంతా పెద్దక్షరాలు చేస్తుంది.

డీబీ2 దగ్గర రెండు రకాల కొటేషన్లూ వస్తాయి. ఒంటి కొటేషన్లలో డేటా, జంట కొటేషన్లలో పేర్లు. టేబుల్ పేరు కొటేషన్ లేకుండా ఎలా కొట్టినా పెద్దక్షరాలుగా తీసుకుంటుంది కాబట్టి, ఎస్‌క్యూఎల్ అంటే చిన్నా పెద్దా తేడా లేని భాష అని జూనియర్లకు పాఠం చెప్పేయండి. ఆ ధైర్యంతో వాళ్ళు ఇంటిపేరు రావు అని మొదటి అక్షరం ఒక్కటే పెద్దదిగా కొట్టి వెతుకుతారు. టేబుల్‌లో అంతా పెద్దక్షరాల్లో ఉంటే ఒక్క రావు కూడా దొరకడు. పైగా స్పూఫీలో క్వెరీ రాసేది ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లోనే కాబట్టి క్యాప్స్ ఆన్ ఉంటే రావు మీకు తెలియకుండానే పెద్దక్షరాలైపోతాడు. అలా మీ దగ్గర పనిచేసిన క్వెరీ, పక్క సీటులో పనిచేయదు. రెండు సీట్లకూ తేడా ఏమిటా అని గంటసేపు ఆథరైజేషన్లు వెతకవచ్చు.

ఎంక్యూ కూడా ఇలాంటి ఉపకారమే చేస్తుంది. క్యూ పేరును కొటేషన్లు లేకుండా చిన్నక్షరాల్లో డిఫైన్ చేస్తే, క్యూ చక్కగా తయారవుతుంది, పెద్దక్షరాల పేరుతో. అప్లికేషన్ వాళ్ళు స్పెసిఫికేషన్‌లో ఉన్నట్టు చిన్నక్షరాలతో తెరవబోతే 2085 రీజన్ కోడు, అంటే ఆ పేరుతో ఏమీ లేదని. "క్యూ ఉంది, నేనే డిఫైన్ చేశాను" అని మీరంటారు. "లేదు, 2085 వస్తోంది" అని వాళ్ళంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇంత నాణ్యమైన తగాదా ఇంకెక్కడా దొరకదు, వీలైనంతసేపు సాగదీయండి.

ఇంటిలోపల ఇంకో ఇల్లు

1990లలో మెయిన్‌ఫ్రేమ్ లోపలికి యునిక్స్ వచ్చి చేరింది. అక్కడ పెద్ద ఏ, చిన్న ఏ వేర్వేరు అక్షరాలు, వేర్వేరు ఫైళ్ళు. దీనికీ బయటివాళ్ళకూ మధ్య రాకపోకలు చాలావరకు రెక్స్ ద్వారా నడుస్తాయి. మైక్ కౌలిషా 1979లో మొదలుపెట్టిన ఈ భాషకు కొటేషన్లు లేని పేరు ఏది కనపడినా పెద్దక్షరాలు చేసే అలవాటుంది. విలువ ఇవ్వని వేరియబుల్ తన పేరునే పెద్దక్షరాల్లో పలుకుతుంది. పైగా ఆర్గ్ అని రాసినా, పుల్ అని రాసినా, వచ్చిన సమాచారం పెద్దక్షరాలై చేతికొస్తుంది. వాటి ముందు పార్స్ అన్న మాట చేరిస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఒక్క మాట ఎక్కువ కొట్టడం దేనికి? యునిక్స్ పాత్‌ను ఆర్గ్‌తోనే తీసుకోండి. ఫైలు కనపడలేదని వస్తే పర్మిషన్ల టీమ్‌కు టికెట్ వేయండి. వాళ్ళు అన్ని పర్మిషన్లూ ఇచ్చి మూసేస్తారు, మీరు మళ్ళీ తెరుస్తారు.

వీఎం మీద సీఎంఎస్ వాడేవాళ్ళకు ఒక చిన్న బహుమతి. ప్రోగ్రాము నుంచి చిన్నక్షరాల పేరుతో ఒక ఫైలు సృష్టించి వదిలేయండి. కమాండ్ లైను అన్నిటినీ పెద్దక్షరాలు చేస్తుంది కాబట్టి, లిస్టులో కనపడుతున్న ఆ ఫైలును చెరపబోతే లేదంటుంది. రెక్స్ నుంచి అడ్రస్ కమాండ్ పెట్టి చెరపవచ్చని మాత్రం తర్వాతి షిఫ్టుకు చెప్పకండి.

కోబాల్ గురించి ఎక్కువ చెప్పను. ప్రోగ్రాము మాటలు ఎలా రాసినా కంపైలర్‌కు ఒకటే. ఒంటి కొటేషన్లలోని పెద్ద వై, చిన్న వై మాత్రం ఒకటి కావు. "కొనసాగాలా? వై/ఎన్" అని అడిగి, పెద్ద వై ఒక్కదాన్నే సరిచూసి, మిగతా ఏది వచ్చినా వద్దన్నట్టే లెక్కవేయండి. ఇది ఎంతోమంది రాశారు, మీరు కొత్తగా కనిపెట్టనక్కరలేదు.

అర్ధరాత్రి సీఐసీఎస్ రీజియన్‌లో

సీఐసీఎస్‌లో టెర్మినల్ రకాన్ని వర్ణించే టైప్‌టర్మ్‌కు యూసీట్రాన్ అని ఒక సెట్టింగుంది. ఎస్ అంటే వచ్చిందంతా పెద్దక్షరాలు. నో అంటే ఏదీ మారదు. ట్రాన్ఐడీ అంటే ట్రాన్సాక్షన్ పేరు వరకే మారుతుంది, డేటా జోలికి పోదు. మూడోది అందరికీ పనికొచ్చే సర్దుబాటు, అందుకే దాన్ని పెట్టకండి. సగం టెర్మినళ్ళకు ఎస్, సగానికి నో పెట్టండి. నో ఉన్నవాళ్ళు చిన్నక్షరాల్లో సైనాన్ ట్రాన్సాక్షన్ కొడితే, అలాంటి ట్రాన్సాక్షన్ తెలియదని డీఎఫ్‌హెచ్ఏసీ2001 వస్తుంది. వాళ్ళు సీఐసీఎస్ పడిపోయిందని ఫోన్ చేస్తారు. మీ తెర మీద అదే ట్రాన్సాక్షన్ నడుస్తుంది. సీఈఓటీతో ఆ ఒక్క టెర్మినల్‌కు అప్పటికప్పుడు మార్చిచూడవచ్చు, కానీ రీజియన్ మొత్తాన్నీ రీస్టార్ట్ చేస్తే పని చేసినట్టు కనపడుతుంది.

డేటాలో చిన్నక్షరాలు కావాలని యూజర్లు మరీ పట్టుబడితే ప్రోగ్రాములో రిసీవ్‌కు యాజ్ఈజ్ ఆప్షన్ పెట్టి చేతులు దులుపుకోండి. ట్రాన్సాక్షన్‌లో మొదటి రిసీవ్ మీద ఆ ఆప్షన్ పనిచేయదు. అప్పటికే టెర్మినల్ కంట్రోల్ ఆ డేటాను చదివి, టెర్మినల్ సెట్టింగు ప్రకారం మార్చేసి ఉంటుంది. ఇది మాన్యువల్‌లో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. మొదటి ఎంటర్‌కు పెద్దక్షరాలు, రెండో ఎంటర్‌కు చిన్నక్షరాలు వస్తుంటే టెస్టింగ్ వాళ్ళు ఈ లోపం మళ్ళీ రావడం లేదని రాసి మూసేస్తారు. ఇంతకంటే మంచి ముగింపు ఏ డిఫెక్ట్‌కూ దొరకదు.

పేర్ల వరుస గురించి కూడా ఒక మాట. ఎబ్సిడిక్‌లో చిన్నక్షరాలు ముందు, పెద్దక్షరాలు తర్వాత, అంకెలు ఆఖరున. పాత 3270 తెర నుంచి వెంకట అని మొత్తం పెద్దక్షరాల్లో ఎక్కించారు. కొత్త వెబ్ పేజీ నుంచి ఇంకో వెంకట వచ్చాడు, మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. వీసామ్ కీ ప్రకారం ఈ రెండో వెంకట, పెద్దక్షరాల వంశీ కంటే కూడా ముందు కూర్చుంటాడు. ఎందుకంటే రెండో స్థానంలో చిన్న ఈ కోడు 85, పెద్ద ఏ కోడు సీ1. మొత్తం చిన్నక్షరాల్లో వచ్చిన మూడో వెంకట అయితే అవినాష్‌ల కంటే ముందే ఉంటాడు. ముగ్గురూ ఒకే మనిషి అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చండి. ముగ్గురికీ మూడు స్టేట్‌మెంట్లు పంపండి.

మీ బ్యాంకుకు జపాన్‌లో శాఖ ఉంటే తెర మెసేజీలన్నీ అందంగా చిన్నక్షరాలు కలిపి రాయండి. అక్కడి పాత 290 కోడ్ పేజీలో, మనకు చిన్న ఇంగ్లిష్ అక్షరాలుండే చోట కతకానా కూర్చుంది. మీ మెసేజీ వాళ్ళకు కతకానా పొడి చల్లినట్టు కనిపిస్తుంది. ఐఎస్‌పీఎఫ్‌కు పెద్దక్షరాల ఇంగ్లిష్ ప్యానెళ్ళు విడిగా ఇవ్వడమూ, కోబాల్ కంపైలర్‌కు యూఇంగ్లిష్ అనే భాష ఆప్షన్ ఉండడమూ పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయండి.

ఆఖరున పాస్‌వర్డు

ర్యాక్‌ఎఫ్‌లో పాస్‌వర్డు ఎన్నో ఏళ్ళపాటు 8 అక్షరాలకు మించేది కాదు, ఎలా కొట్టినా పెద్దక్షరాలయ్యేది. 26 అక్షరాలు, 10 అంకెలు, 3 గుర్తులు, మొత్తం 39. 2005లో జెడ్/ఓఎస్ 1.7తో మిక్స్‌డ్‌కేస్ ఆప్షన్ వచ్చాక ఆ 39 కాస్తా 65 అయింది; 8 అక్షరాల పాస్‌వర్డుకు వీలయ్యే కూర్పులు దాదాపు 60 రెట్లు పెరిగాయి. సెక్యూరిటీ వాళ్ళకు ఈ లెక్క చూపించి, సెట్రాప్ట్స్ కమాండుతో దాన్ని ఆన్ చేయించండి. ఎవరికీ ముందుగా చెప్పకండి.

ఆ రోజు ఏమీ కాదు. పాస్‌వర్డు ఇంకా మార్చుకోనివాళ్ళు పాత పద్ధతిలో ఎలా కొట్టినా ర్యాక్‌ఎఫ్ పెద్దక్షరాలు చేసుకునే సరిచూస్తుంది. మీరు గెలిచారని అందరూ అనుకుంటారు. గడువు తీరి ఒక్కొక్కరే కొత్త పాస్‌వర్డు పెట్టుకోవడం మొదలయ్యాక రంగం రక్తికడుతుంది. క్యాప్స్ లాక్ మీద చెయ్యి తీయని పాతకాపులు ముందు పడతారు. ఆ తర్వాత, ఎప్పుడో ఎవరో రాసిన సొంత లాగాన్ తెరలు, ర్యాక్‌ఎఫ్‌కు ఇచ్చే ముందు తామే పాస్‌వర్డును పెద్దక్షరాలు చేసే రకం, వరుసగా బయటపడతాయి. టీఎస్‌ఓలో పనిచేసిన పాస్‌వర్డు ఆ తెర మీద పనిచేయదు. నాలుగుసార్లు గట్టిగా కొడితే ఐడీ రివోక్ అవుతుంది, అప్పుడు టీఎస్‌ఓలోనూ పనిచేయదు.

హెల్ప్‌డెస్క్ ఫోన్లు మోగిపోతుంటే ఇంకేం ఆలోచించకుండా ఆప్షన్‌ను ఆఫ్ చేసేయండి. ఒకసారి ఆన్ చేశాక ఆఫ్ చేయవద్దని ఐబీఎం చెప్పే మాట పిరికివాళ్ళ కోసం. ఆఫ్ చేసిన క్షణం నుంచి ర్యాక్‌ఎఫ్ మళ్ళీ అందరూ కొట్టినదాన్ని పెద్దక్షరాలు చేసి సరిచూస్తుంది, కనుక చిన్నక్షరం కలిపి పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్ళెవరూ లోపలికి రాలేరు. దాన్ని మళ్ళీ ఆన్ చేయాలంటే స్పెషల్ అధికారం ఉన్న ఐడీతో లాగాన్ కావాలి. ఆ ఐడీ మీదే అయితే, కొత్త రూల్ వచ్చిందని అందరికంటే ముందు పాస్‌వర్డు మార్చుకున్నదీ మీరే అయి ఉంటారు.